ఐదు బిళ్ళలు, ఎనిమిది ఉండలు

1. మంగళవారం

ఉదయం 5.52 గంటలకు, ఆరు వందల పన్నెండో మెట్టు మీద, ఎనిమిదో జట్టు పెద్ద మైలపల్లి ఎర్రమ్మ ఎడమ పాదం పైకి లేవలేదు. పొగకొండలో మోతగాళ్ళ నడుము అరగకుండా వేసే వెన్నుసూది మొదలై పదకొండేళ్ళయింది. వేయించుకున్నవాళ్ళు రెండు వందల అరవై మంది. సూది పనిచేయకపోవడం ఇదే మొదటిసారి.

ఆమె పడలేదు. నుదుటి పట్టీకి వేలాడుతున్న నలభై రెండు కిలోల బియ్యం బస్తాతో అలాగే నిలబడింది. మంచు మోకాళ్ళ దాకా ఉంది. కిందికి చూసి, "నా కాలేదీ?" అంది.

వెనక మెట్టు మీదున్న గనగళ్ళ లచ్చయ్య అది వేళాకోళం అనుకున్నాడు. "రేవులో ఒగ్గేసొచ్చినావేటి? మద్దేనం దిగినపుడు తెచ్చుకుందువు గానీ, నడు."

"నవ్వులాట కాదురా. కాలుంది. మాట ఇనడం నేదు."

రేవుకు వచ్చిన ఓడ వివరాలు మా పత్రిక కోసం రాసుకుని నేను వాళ్ళ వెనకే ఎక్కుతున్నాను. జట్టు ఆగింది. బస్తా దించారు. అసిరయ్య అనే అతను ఆమె పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పై మెట్టు మీద పెట్టాడు. వదలగానే అది తడిగుడ్డలా ముందుకు వాలింది.

రేవు నుంచి ఊళ్ళోకి పదకొండు వందల నలభై మెట్లు. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నాలుగేళ్ళు నిలవదు. కట్టిన రెండు రోప్‌వేలూ ఇప్పుడు సముద్రం అడుగున, మునిగిపోయిన పాత ఊరి నీళ్ళ ట్యాంకుల పక్కన ఉన్నాయి. బియ్యం, మందులు, కిటికీ అద్దాలు, బీరువాలు అన్నీ యాభై రెండు జట్ల వీపుల మీదే ఎక్కుతాయి. జట్టుకు ఎనిమిది మంది. ఎర్రమ్మకు యాభై మూడేళ్ళు, ఈ పనిలో ముప్ఫై ఒకటో ఏడు.

ఆమె బస్తాను ఏడుగురూ పంచుకున్నారు. ఆమెను లచ్చయ్య ఎత్తుకున్నాడు. బియ్యం 6.40కి పైకి చేరింది. రోజూ చేరే వేళకు పది నిమిషాలు ఆలస్యం.

2. బుధవారం

తొమ్మిది వందలవ మెట్టు దగ్గర ఆసుపత్రి. డాక్టర్ జుబేదా గోడ మీద రెండు చిత్రాలు వేసి చూపించారు. రెండూ ఎర్రమ్మ నడుము లోపలివి. మూడేళ్ళ కిందటి దాంట్లో వెన్నుపూసల మధ్య డిస్కులు తెల్లగా వెలుగుతున్నాయి. నిన్నటి దాంట్లో అడుగునున్న రెండూ నల్లబడ్డాయి.

"సెందురుడికి గెరనం పట్టినట్టుంది," అంది ఎర్రమ్మ మంచం మీద నుంచి.

డాక్టర్ నాకు చెప్పింది ఇది. డిస్కులో కణాలు కొద్దిగానే ఉంటాయి. అక్కడికి రక్తం చేరదు. ఒక కణం కొన్నిసార్లు మాత్రమే రెండవుతుంది. ఆ లెక్క పూర్తయ్యాక ముసలిదై నీటిని పట్టి ఉంచలేదు. ఎర్రమ్మ డిస్కులోంచే కణాలు తీసి, ఆ లెక్క తరిగిపోకుండా కాపాడే జన్యువును వాటిలోకి ఎక్కించి, తిరిగి నడుములోకి పోశారు. అదే వెన్నుసూది. మిగిలిన కణాలు ఆమె పేరు మీద ఒక సీసాలో, ఫ్రీజరులో ఉన్నాయి.

"జన్యువు మేలుకుని ఉండాలంటే వారానికో బిళ్ళ వెయ్యాలి. బిళ్ళ మానితే నిద్రపోతుంది. ఏదైనా తేడా వస్తే ఆపడానికి వీలుగా అలా పెట్టాం," అన్నారు డాక్టర్. ఎర్రమ్మ వైపు తిరిగి, "బిళ్ళ తప్పకుండా వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగారు.

"శనారం శనారం. ఒక్క శనారం తప్పితే ఒట్టు."

"మరి ఎందుకిలా అయింది?"

"నన్నడుగుతావేటి డాక్టరమ్మా. నువ్వు సదువుకున్నావు."

నరం మీద ఒత్తిడి తీసి, వెంటనే సీసాలోని కణాలు పోస్తే పాదం తిరిగి వస్తుంది. రెండు వారాలు దాటితే రాదు. ఇది డాక్టర్ మాట. సాయంత్రం ఆసుపత్రి బోర్డు ఇంకో మాట చెప్పింది: కారణం తేలేదాకా సూదులన్నీ బంద్. సోమవారం విచారణ. కారణం తేలకపోతే జన్యువునే అనుమానించాలి కాబట్టి సూది, బిళ్ళ రెండూ ఎత్తేస్తారు. అప్పుడు రెండు వందల అరవై నడుములకూ వయసు తిరిగి మొదలవుతుంది.

3. గురువారం

పన్నెండింటికి గంట కొట్టారు. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా దగ్గరి మజిలీకి చేరి వెల్లకిలా పడుకున్నారు. దీన్ని నీరు పట్టే గంట అంటారు. నిలబడినంతసేపూ డిస్కుల్లోంచి నీరు బయటికి పోతుంది, పడుకుంటే తిరిగి చేరుతుంది. రేవు నుంచి శిఖరం దాకా నాలుగు వందల మంది కళ్ళు మూసుకుని కొండకు ఒరిగి ఉన్నారు. మంచు వాళ్ళ మీదుగా ఎక్కి వెళ్ళింది. ఓడ కూడా కూత వెయ్యలేదు. ఈ గంటలో మెట్ల మీద నడవడం మర్యాద కాదు. నేనూ పడుకున్నాను. ఒకటి కొట్టేసరికి అందరూ వెంట్రుకవాసి పొడుగై లేచారు.

అది కొలిచే చూస్తారు. ప్రతి మజిలీలో ఒక కొలతరాయి ఉంది. పొద్దున పనికి ముందూ, సాయంత్రం దిగాకా, జట్టులో ప్రతి మనిషీ దానికి వీపు ఆనించి నిలబడాలి. ఎత్తును పక్కనున్న పుస్తకంలో రాస్తారు. సూది వేయించుకున్న మనిషి పగలు పద్దెనిమిది మిల్లీమీటర్లు తగ్గి, తెల్లారేసరికి మళ్ళీ అంతా పెరగాలి. ఏ జట్టు పుస్తకం ఆ జట్టు మజిలీలోనే ఉంటుంది. యాభై రెండూ కలిపి చదివినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. నాకు నిన్న రాత్రి నుంచి ఈ సాయంత్రం దాకా పట్టింది.

నలభై జట్లలో లెక్క సరిగ్గా ఉంది. పన్నెండు జట్లలో లేదు. ఎనిమిదో జట్టులో సూది ఉన్న ఐదుగురూ పగలు పదకొండు మిల్లీమీటర్లే తగ్గి, తెల్లారేసరికి అంతే పెరుగుతున్నారు. పన్నెండు జట్లలోనూ ఈ తేడా ఒకే నెలలో మొదలైంది, మూడేళ్ళ కిందట. ఆ నెలలో ఏం జరిగిందని ఆసుపత్రిలో అడిగాను. అంతకుముందు నర్సు మజిలీలకు తిరిగి, ఎదుట నిలబడి బిళ్ళ మింగించేది. ఆ నెల నుంచి ఆ ఉద్యోగం తీసేశారు. బిళ్ళలు వారానికోసారి పొట్లం కట్టి జట్టు పెద్దకు ఇస్తున్నారు.

4. శనివారం

సాయంత్రం నాలుగింటికి ఎనిమిదో జట్టు మజిలీకి వెళ్ళాను. ఎర్రమ్మ గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుంది. ఆమె ముందు రోలు ఉంది. లచ్చయ్య ఆసుపత్రి పొట్లం విప్పి ఐదు బిళ్ళలు రోట్లో వేశాడు. ఆమె నూరింది, బెల్లం వేసి మళ్ళీ నూరింది, తల ఎత్తి మమ్మల్ని లెక్కపెట్టి, ముద్దను తొమ్మిది ఉండలు చేసింది.

"పేపరు బావూ, చెయ్యి పట్టు."

"నాకెందుకమ్మా?"

"పంపకం వేళకొచ్చినావు. వొచ్చినోడికి వాటా నేకపోతే జట్టుకి మచ్చ."

తిన్నాను. తీపి కింద చేదుగా ఉంది. ఏమిటని అడిగాను.

"వెన్నుబిళ్ళ," అన్నాడు లచ్చయ్య. "నువ్వు పుస్తకాలు ఎత్తి ఎత్తి ఒంగిపోనావు గదా, పనికొస్తాది."

నమోదు చేస్తున్నాను: ఈ సాయంత్రం ఒక బిళ్ళలో తొమ్మిదింట ఐదు వంతులు నేను తిన్నాను. మామూలు శనివారాల్లో ఎనిమిది ఉండలు. అంటే మూడేళ్ళుగా ఒక్కొక్కరికీ ఎనిమిదింట ఐదు వంతులు.

జట్టుకు ఐదు సూదులే ఇచ్చారు, అంతకు మించి ఆసుపత్రికి శక్తి లేదు. అసిరయ్యకు, మరో ఇద్దరు ఆడవాళ్ళకు సూది లేదు. లోపల జన్యువే లేనప్పుడు బిళ్ళకు మేలుకొలపడానికి ఏమీ ఉండదు. ఆ మాట నేను ఎత్తకముందే అసిరయ్య తన సంగతి చెప్పాడు.

"మూడేళ్ళ నుంచి నా నడుం నొప్పి తగ్గింది బావూ. ఇదే తగ్గించింది."

బరువుల పుస్తకం నేను నిన్న చూశాను. మూడేళ్ళుగా అసిరయ్య వీపుకు ముప్ఫై కిలోలకు మించి ఎత్తలేదు. తక్కినది ఎర్రమ్మ తన మీద వేసుకుంది. అతనికి ఆ సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

తర్వాత ఆసుపత్రికి ఎక్కి, ఎవరి పేరూ చెప్పకుండా, బిళ్ళ తక్కువైతే ఏమవుతుందని డాక్టర్‌ని అడిగాను.

"పూర్తిగా మానేయడం కంటే అదే చెడ్డది," అన్నారు. "జన్యువు సగమే మేలుకుంటుంది. కణం పని పెరుగుతుంది, ఆయుష్షు పెరగదు. వేగంగా అరిగిపోతుంది." నా నోటుపుస్తకం వైపు చూశారు. "ఎవరి గురించి?"

"ఇంకా రాయలేదండీ," అన్నాను.

5. ఆదివారం

నీరు పట్టే గంటలో ఎర్రమ్మ పక్కన పడుకుని డాక్టర్ అన్న మాట తగ్గు గొంతుతో చెప్పాను. ఇద్దరం పైకే చూస్తున్నాం. పైన తెలుపు తప్ప ఏమీ లేదు.

"మందు పంచితే ఇసమవుతాదా," అంది ఎర్రమ్మ.

"విషం కాదు. చాలదు."

"చాలనప్పుడే గదా పంచుకుంటారు."

నిబంధన కూడా ఆమెకు చెప్పాను. ఒకరి బిళ్ళ ఇంకొకరికి ఇచ్చిన జట్టును సూది జాబితా నుంచి కొట్టేస్తారు, సీసాలు పారబోస్తారు. చెబితే తన జట్టులో ఐదుగురి నడుములు పోతాయి. చెప్పకపోతే రేపు సూదే పోతుంది, అందరివీ పోతాయి. తన పాదం ఎలా చూసినా పోయినట్టే. ఆమె ఇవన్నీ నాకంటే ముందే లెక్క వేసుకుంది.

"నువ్వు రాస్తావా?" అని అడిగింది.

"రాయడం నా పని."

"వాటా తిన్నోడు వాటా గురించి బయట సెప్పకూడదు బావూ. నిన్నట్నుంచి నువ్వు మా మనిషివి."

ఆ కట్టుబాటు ఈ మెట్ల మీద అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే చెయ్యి చాపానా అని ఆలోచించాను. లేదు, ఆకలేసింది. ఈ రోజు నేను పత్రికకు ఏమీ పంపలేదు.

గంట కొట్టాక ఆమె జట్టును దగ్గరికి పిలిచింది. దాచకుండా చెప్పింది. అసిరయ్య లేచి మజిలీ చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

"అయితే నాను తిన్నది నీ కాలేనా అప్పా."

"నువ్వడిగి తిన్నావేటి? నానెట్టినాను."

"ఇన్నాళ్ళూ బెల్లం తిని నడుం బాగుపడిందని ఊరంతా సెప్పుకున్నాను."

"బెల్లం మంచిదేలే," అంది ఆమె. అతను నవ్వలేదు.

6. సోమవారం

విచారణ పదింటికి, శిఖరం మీద. ఎర్రమ్మను ఏడుగురూ వంతులవారీగా మోసుకొచ్చారు. బీరువాలకు వాడే చట్రంలో ఆమెను కూర్చోబెట్టి, పట్టీని వందేసి మెట్లకు ఒకరి నుంచి ఒకరు మార్చుకున్నారు. మంచు పలచబడి కింద సముద్రం కనిపించింది. నీటి అడుగున పాత ఊరి ట్యాంకులు నల్లటి చుక్కల్లా ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె వెనక్కి చూస్తూ కొండెక్కడం ఇదే మొదలని లచ్చయ్య చెప్పాడు.

బోర్డులో ఐదుగురు. కారణం తెలియలేదని డాక్టర్ జుబేదా నివేదిక చదవబోతుండగా ఎర్రమ్మ చెయ్యి ఎత్తింది.

"తప్పు సూదిది కాదు. మాది."

చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. తన జట్టు గురించే చెప్పింది. మిగతా పదకొండు జట్ల గురించి నేను ఆమెకు చెప్పలేదు. ఆమె ఊహించిందేమో తెలియదు.

అధ్యక్షుడు అడిగాడు: "ఆ ముగ్గురికీ సూదే లేదు కదా. బిళ్ళ ఎందుకు ఇచ్చారు?"

"ఎనిమిది మందిమి కూకుంటాం బావూ. ఐదుగురు తింటా ఉంటే ముగ్గురు సూస్తారేటి?"

"అది మందమ్మా. అన్నం కాదు."

"మాకు పొట్లం ఇచ్చినోడు ఆ ముక్క సెప్పనేదు. జట్టుకి అని ఇచ్చినాడు."

మధ్యాహ్నం 2.30కి నిర్ణయం చదివారు. కారణం తేలింది కాబట్టి సూది కొనసాగుతుంది. బిళ్ళ ఇకనుంచి నర్సు ఎదుటే మింగాలి. ఎనిమిదో జట్టును జాబితా నుంచి తొలగించారు. వాళ్ళ సీసాలను శుక్రవారం ఉదయం 11 గంటలకు పారబోస్తారు. ఒక మినహాయింపు ఉంది. నరం దెబ్బతిన్న మనిషికి చికిత్స ఆపకూడదని ఇంకో నిబంధన చెబుతోంది. ఎర్రమ్మ సీసా ఉంచుతారు. ఆమె గురువారం సాయంత్రంలోగా సంతకం చేస్తే శుక్రవారం ఉదయం 7 గంటలకు చికిత్స.

ఆమె సంతకం చెయ్యకుండానే కిందికి దిగింది.

7. బుధవారం

నిన్నంతా ఆమె సంతకం చెయ్యాల్సిన కాగితం ముట్టలేదు. ఈ రోజు డాక్టర్ స్వయంగా మజిలీకి దిగి వచ్చారు. ఎర్రమ్మ ఒక్కటే అడిగింది.

"నా సీసా ఐదు పాళ్ళు సెయ్యమ్మా. నాకో పాలు, మిగతా నలుగురికీ తలో పాలు."

"అవి నీ కణాలు. ఇంకొకరి నడుములో నిలుస్తాయని మాకు తెలియదు. పాళ్ళు చేస్తే నీకూ చాలవు." డాక్టర్ ఆగి, మెల్లగా అన్నారు: "మూడేళ్ళుగా జరిగింది అదే కదమ్మా."

"నోరు నాది. శిచ్చ ఆళ్ళకి, మందు నాకు. ఏ మొకం పెట్టుకుని తీసుకోమంటావు?"

డాక్టర్ కాగితం గోడవారన పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయారు. కాసేపటికి లచ్చయ్య దాన్ని తీసి ఎర్రమ్మ ఒళ్ళో వేశాడు. సూది పోయిన నలుగురిలో అతను ఒకడు.

"ఒలే, ఇన్నాళ్ళూ అందరికీ పెట్టినావు. ఈ ఒక్కటి ఒంటిగా తినెయ్."

"గొంతు దిగదురా."

"గొంతుకాడికి ఎందుకొస్తాది? నడుంలోకి గదా ఏస్తారు."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, అసిరయ్య తప్ప. అతను కింద కూర్చుని ఆమె ఎడమ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలు నుంచి చీలమండ దాకా నూనె రాస్తున్నాడు.

"తెలస్తందా అప్పా?"

"నేదు."

"ఇక్కడ?"

"నేదురా."

"అయితే సంతకం ఎట్టు," అన్నాడు. "నువ్వు ఎట్టేదాకా నాను సెయ్యి తియ్యను. పనికీ ఎల్లను. జట్టుకి ఇద్దరు తగ్గుతారు. నీ ఇష్టం."

ఆమె కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. 4.10కి సంతకం చేసింది. అసిరయ్య నూనె రాయడం ఆపలేదు.

ఆ సంతకం తర్వాత నేను కార్యాలయానికి ఎక్కి, గురువారం పుస్తకాల్లోంచి రాసుకున్న పట్టికను పత్రికకు ఇచ్చాను. యాభై రెండు జట్లు, మూడేళ్ళు, పొద్దుటి ఎత్తు, సాయంత్రపు ఎత్తు. వాటాల గురించి ఒక్క మాట లేదు. కొలతరాళ్ళ పుస్తకాలు ఎవరైనా చూడొచ్చు.

8. గురువారం

పత్రిక పొద్దున ఆరింటికి మజిలీలకు చేరింది. నీరు పట్టే గంటలో ఈ రోజు చాలామంది పడుకోలేదు. వెల్లకిలా పడుకున్నవాళ్ళు కూడా కాగితాన్ని ముఖం మీదికి ఎత్తి పట్టుకుని ఉన్నారు. గాలికి మెట్ల పొడవునా అవి రెపరెపలాడాయి. దూరం నుంచి కొండంతా కొంగలు వాలినట్టుంది.

ఒంటిగంట ఐదు నిమిషాలకు నాలుగో జట్టు పెద్ద కారి సూరమ్మ ఆసుపత్రి గుమాస్తా బల్ల ముందు నిలబడి, బోర్డుతో మాట్లాడాలి, పేరు రాసుకో అంది. దేని గురించని అతను అడిగాడు.

"ఎర్రమ్మ దేని గురించి మాటాడిందో దాని గురించే."

"మీ జట్టునూ కొట్టేస్తారు, తెలుసా?"

"రాసుకోమన్నాను. భయపెట్టమన్నానేటి?"

రెండింటికి పందొమ్మిదో జట్టు వచ్చింది. మూడింటికి ఇంకో నాలుగు జట్లు, ఒకదాని వెనక ఒకటి, బస్తాలు వీపు మీదే ఉంచుకుని వరుసలో నిలబడ్డాయి. ఆసుపత్రి మూసే వేళకు పట్టికలో తేడా ఉన్న మిగతా పదకొండు జట్లూ వచ్చాయి. నిబంధన ప్రకారం అయితే పారబోయాల్సిన సీసాలు నాలుగు నుంచి యాభై తొమ్మిది అవుతాయి. ఆ మాట గుమాస్తా ఫోన్‌లో అధ్యక్షుడికి చెప్పడం విన్నాను.

ఈ వార్త చెప్పడానికి ఎనిమిదో జట్టు మజిలీకి దిగాను. ఎర్రమ్మ నిద్రపోతోంది. చికిత్సకు ముందు బాగా పడుకోమని డాక్టర్ చెప్పారట. లేపొద్దని లచ్చయ్య సైగ చేశాడు. అతనికే చెప్పాను. ఎన్ని జట్లని రెండుసార్లు అడిగాడు.

శుక్రవారం కార్యక్రమం ఇది. ఉదయం 5 గంటలకు ఎర్రమ్మను పైకి తీసుకెళ్తారు. 7 గంటలకు చికిత్స. 9 గంటలకు బోర్డు అత్యవసరంగా సమావేశమై పదకొండు జట్ల మాట వింటుంది. మొదట సూరమ్మ మాట్లాడుతుంది. 11 గంటలకు ఫ్రీజరు తెరిచి ఎనిమిదో జట్టు నాలుగు సీసాలను బయటికి తీయాలన్న ఉత్తర్వు, ఈ సాయంత్రం ఆరింటి వరకు, రద్దు కాలేదు.